రెండో సంతకం

మూడు దాటి పది నిమిషాలు.
బల్లారట్‌లో జులై అంటే
కారు అద్దం మీద పెచ్చుకట్టిన మంచు,
పాత బస్సు కార్డుతో గీకితే కొబ్బరిలా రాలుతుంది.
ఇంకా నాలుగ్గంటల డ్యూటీ.
నడుం కింద, ఎడంపక్క, రూపాయి బిళ్లంత చోట
అది నిద్ర లేచింది.

నొప్పి కాదది.
నొప్పి నాకు తెలుసు.
స్నానాల గదిలో జారిపోతున్న నూటపది కిలోల పెద్దాయన్ని
పడనివ్వకుండా పట్టుకున్న రోజు నుంచీ, మూడేళ్ల పరిచయం.
ఇది నొప్పి చీర కట్టుకొచ్చిన వేరే మనిషి.

కౌన్సిలర్ ఇలోనా అడిగింది మొన్న,
మీ భాషలో దీన్నేమంటారని.
కోరిక అన్నాను. కాదు, కోరిక దేవుడి దగ్గర చెప్పుకునేది.
తహతహ అన్నాను. అది పుస్తకాల్లో మాట.
అప్పుడు గుర్తొచ్చింది సోంపేట అమ్మమ్మ,
చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే మనిషి.
డాక్టరు మాన్పించిన వారం
వచ్చేపోయే వాళ్లందర్నీ తిడుతూ
"నోరు పీకేస్తందే వరాలూ,
నోరు పీకేస్తంది" అనేది.

అదే. పీకడం.
ఇంగ్లీషులో చెప్పడం చేతకాక
మడిలో గడ్డి పీకినట్టు చేత్తో చూపించాను.
ఏం రాసుకుందో మరి.

ఇక్కడ గోడలో ఇనప బీరువా, అందులో ఇంకో బీరువా.
తాళంచెవి నర్సు బ్రిజెట్ మెళ్లో.
ఎర్రట్ట పుస్తకంలో మాత్రకి రెండు సంతకాలు.
మొదటిది ఆమెది.
లెక్క సరిపోయిందని సాక్ష్యం చెప్పే
రెండోది నాది.
పిల్లి సంతకం పెడితే పాలకుండకి ధీమా.

పన్నెండో గదిలో డోరీన్ పాస్కోకి తొంభై ఒకటి.
మింగినట్టే మింగి, బ్రిజెట్ అటు తిరిగి వెళ్లాక
నా అరచేతిలో ఉమ్మింది.
"ఉంచుకో వారా. దుప్పటి సర్దడానికి వంగినప్పుడు
నీ మొహం చూశాను."

తెల్లటి మాత్ర. ఒక అంచు కరిగింది.
ఉమ్మి, పళ్లసెట్టు పుదీనా వాసన.
సిగ్గుపడాల్సిన సంగతి చెప్తున్నాను,
నాకు అసహ్యం వెయ్యలేదు.

ఇరవై నిమిషాలు ఆగమంటుంది ఇలోనా,
దాన్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి చెప్తూ ఉండమంటుంది.
నాకు బళ్లో ఎప్పుడూ రాని పదమూడో ఎక్కం మొదలెట్టాను.
పదమూడైదులు అరవై అయిదు.
పదమూడార్ల డెబ్భై ఎనిమిది.
పదమూడేడ్ల తొంభై ఒకటి.
అక్కడ ఆగిపోయాను.
తొంభై ఒకటి
పక్క మీంచి నన్నే చూస్తోంది, దానం చేసిన మొహంతో.

ఇరవై నిమిషాలు కాలేదు. నాలుగేమో.
బెల్లు నొక్కాను.

బ్రిజెట్ వచ్చింది. పాడైన మాత్రకి వేరే పేజీ ఉంది,
దానికీ రెండు సంతకాలే.
పెట్టాను. 'వ' కొమ్ములో పెన్ను వణికింది.
"రేపట్నుంచి ఈ రెండోదానికి
ఇంకెవర్నైనా పిలువు" అన్నాను.
బ్రిజెట్ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.
"సరే" అంది. ఎందుకని అడగలేదు.
అడిగితే ఏం చెప్పేదాన్నో.

డోరీన్‌కి ఇంకో మాత్ర ఇచ్చి
నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూశారు.
తొంభై ఒక్కేళ్ల ఆడమనిషిని.
ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.
"ఇచ్చింది పుచ్చుకోవడం తెలీదు మీకు" అంది,
గోడతో.

ఏడున్నరకి వెండూరీ చెరువు పక్కన కారాపాను.
నల్ల హంసలు బురదలోకి మెడలు దించి
ఏదో పీకుతున్నాయి, ఒకటే పని.
అమ్మమ్మ చుట్ట మళ్లీ ముట్టించిందో లేదో
ఎవరూ చెప్పలేదు, నేను కనుక్కోలేదు.
సీసాలోంచి ఊరిన ఉసిరికాయ ఒకటి బుగ్గన పెట్టుకున్నాను.
పులుపుకి చెవుల దాకా జిల్లుమంది.
పోలేదు. కాస్త పక్కకి జరిగింది.

స్టీరింగ్ మీద ఎడంచెయ్యి.
కుడిచెయ్యి ఒళ్లో,
సబ్బుతో రెండుసార్లు కడిగింది,
ఇంకా గుప్పిట మూసే ఉంది.